ప్రథమ చికిత్సకు పునాది శరీర నిర్మాణ పరిజ్ఞానం

రహదారి ప్రమాదం, విద్యుదాఘాతం, పాముకాటు, గుండె ఆగిపోవడం... ఆపద ఏదైనప్పటికీ వైద్య సహాయం అందేలోగా గడిచే కొద్ది నిమిషాలే బాధితుని ప్రాణాన్ని నిర్ణయిస్తాయి. ఆ సమయంలో బాధితుని చెంత ఉండేది దారిన పోయే పౌరుడు, పోలీసు కానిస్టేబులు, అగ్నిమాపక సిబ్బంది లేదా ఆశా కార్యకర్త. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 అత్యవసర సేవలు లక్షలాది కుటుంబాలకు అండగా నిలిచాయి. అయినను, అంబులెన్సు చేరుకునే వరకు ఉండే వ్యవధిని పూరించగలిగినది ప్రథమ చికిత్స ఒక్కటే. దీని ప్రాధాన్యాన్ని గుర్తించి ఏటా సెప్టెంబరు మాసం రెండవ శనివారాన్ని ప్రపంచ ప్రథమ చికిత్స దినోత్సవంగా పాటిస్తున్నారు.

ప్రథమ చికిత్సలోని నియమాలు కొద్దిపాటివే. వాటిలో ప్రతి ఒక్కదానికీ శరీర నిర్మాణంలోనే కారణం కలదు. ఆ కారణం ఎరిగినవారు తొందరపాటులో పొరపాటు చేయరు.

తొలి పరిశీలన

సహాయకుడు మొదట తన భద్రతను చూసుకోవాలి. విద్యుదాఘాతానికి గురైన వ్యక్తిని, కరెంటు సరఫరా నిలిపివేయకుండా తాకరాదు. తరువాత బాధితుని భుజం తట్టి పిలవాలి. స్పందన లేని పక్షంలో వెంటనే 108కి గాని 112కి గాని ఫోను చేయించి, పది సెకన్లకు మించకుండా శ్వాసను పరిశీలించాలి.

శ్వాసమార్గం

స్పృహ తప్పి వెల్లకిలా పడి ఉన్న వ్యక్తి నాలుక పట్టు తప్పి గొంతులోకి జారి, గాలి మార్గాన్ని మూసివేస్తుంది. నాలుక కింది దవడతో అనుసంధానమై ఉన్నందున, నుదుటిపై చేయి ఉంచి తలను వెనుకకు వంచి గడ్డాన్ని పైకెత్తితే నాలుక కూడా పైకి లేచి మార్గం తెరుచుకుంటుంది. శ్వాస సక్రమంగా ఉండి, మెడకు గాయమైన సూచనలు లేనట్లయితే బాధితుని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. వాంతి అయినను అది బయటకే పోతుంది.

స్పృహ లేనివారి నోటిలో నీరు పోయడం మన గ్రామాలలో తరచుగా కనిపించే అలవాటు. ఇది అత్యంత ప్రమాదకరం. అన్నవాహిక, శ్వాసనాళం పక్కపక్కనే ఉంటాయి. మింగే సమయంలో శ్వాసనాళానికి మూతవలె పనిచేసే ఏర్పాటు స్పృహ లేని స్థితిలో సరిగా పనిచేయదు. ఫలితంగా దాహం తీర్చుటకు పోసిన నీరే ఊపిరితిత్తులలో చేరి ప్రాణాపాయం కలిగిస్తుంది.

గుండె, మెదడు

శ్వాస లేకున్నను, ఎగశ్వాసవలె అప్పుడప్పుడు మాత్రమే ఊపిరి తీస్తున్నను గుండె ఆగినట్లు భావించి సి.పి.ఆర్. ప్రారంభించాలి. రక్తప్రసరణ నిలిచిన నాలుగు నుంచి ఆరు నిమిషాలలోనే మెదడు కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. గుండె ముందువైపు రొమ్ము ఎముకకు, వెనుకవైపు వెన్నెముకకు మధ్య అమరి ఉంటుంది. కనుక రొమ్ము ఎముక దిగువ సగభాగంపై అరచేతి మడమను ఆనించి బలంగా నొక్కినప్పుడు రక్తం మెదడుకు చేరుతుంది. పెద్దవారిలో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. గుండె తిరిగి రక్తంతో నిండేది అప్పుడే. శిక్షణ పొందినవారు 30 నొక్కులకు రెండు శ్వాసల చొప్పున అందించాలి. శిక్షణ లేనివారు ఛాతీని నొక్కడం కొనసాగించినా చాలు. పక్కటెముక విరుగుతుందేమోనన్న భయంతో ఆపరాదు. విరిగిన ఎముక అతుకుతుంది, ఆగిన గుండె వేచి ఉండదు.

రక్తస్రావం

వయోజనుని శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. గాయంపై శుభ్రమైన వస్త్రం ఉంచి గట్టిగా అదిమి పట్టడమే రక్తస్రావాన్ని అరికట్టే ప్రధాన మార్గం. వస్త్రం తడిసినను దానిని తొలగించక, పైన మరొకటి ఉంచాలి. తొలగిస్తే గడ్డకడుతున్న రక్తం చెదిరిపోతుంది. గుచ్చుకున్న వస్తువును పెరికివేయరాదు. తొడ ఎముక విరిగినప్పుడు బయటకు చుక్క రక్తం కనిపించకున్నను లోపల లీటరుకు పైగా రక్తం పోయే అవకాశం ఉన్నది. చర్మం చల్లబడి పాలిపోవడం, నాడి వేగంగా కొట్టుకోవడం అందుకు హెచ్చరికలు.

వెన్నెముక

వెన్నెముకలోని 33 పూసలలో ఏడు మెడలో ఉన్నాయి. ఊపిరి పీల్చుటకు తోడ్పడే ఉదర వితానానికి నాడులు మెడ భాగంలోని వెన్నుపాము నుంచే బయలుదేరుతాయి. అందుచేత ప్రమాద బాధితుని కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో ముడిచి కూర్చోబెట్టడం వలన, బతుకవలసిన వ్యక్తి జీవితాంతం మంచానికి పరిమితం కావచ్చు, శ్వాస ఆగి మరణించనూ వచ్చును. మంటలు వంటి తక్షణ ముప్పు ఉంటే తప్ప కదపరాదు. తప్పనిసరియైతే తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేటట్లు ముగ్గురు నలుగురు కలిసి కదపాలి.

పాముకాటు, కాలిన గాయాలు

నాగుపాము, కట్లపాము విషం శ్వాసకు తోడ్పడే కండరాలను చచ్చుబడేట్లు చేస్తుంది. రక్తపింజరి విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని హరిస్తుంది. కాటుపై కోసినట్లయితే రక్తస్రావం ఆగదు. తాడుతో బిగించి కట్టినట్లయితే రక్తం అందక అవయవం కుళ్లిపోవచ్చు. కండరాల కదలికతో విషం వ్యాపిస్తుంది కనుక బాధితుని నడిపించరాదు. కాటు పడిన అవయవానికి బద్ద కట్టి కదలకుండా ఉంచి, విష విరుగుడు మందు లభించే ఆసుపత్రికి త్వరగా తరలించాలి.

కాలిన గాయంపై 20 నిమిషాలపాటు చల్లని కుళాయి నీటిని ధారగా పోయాలి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసివేయాలి. పేస్టు, సిరా, నూనె పూయరాదు.

చట్టం అండ

పోలీసు కేసుల భయంతో క్షతగాత్రులను వదలి వెళ్లవలసిన అవసరం లేదు. సహాయకుల రక్షణకై రూపొందించిన మార్గదర్శకాలకు 2016 మార్చి 30న సుప్రీంకోర్టు ఆమోదం తెలిపింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 134ఎ సెక్షను ప్రకారం, సద్భావంతో సహాయం చేసినవారిపై సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదు.

భారత రెడ్‌క్రాస్ సంస్థ, సెయింట్ జాన్ అంబులెన్స్ వంటి సంస్థలు ప్రథమ చికిత్సలో శిక్షణ ఇస్తున్నాయి. చదివి తెలుసుకున్నది చేతికి అలవడాలంటే అభ్యాసం అవసరం. ప్రతి కుటుంబం నుంచి ఒక్కరైనా ఈ శిక్షణ పొందినట్లయితే, అంబులెన్సు వచ్చేలోగా గడిచే నిమిషాలు నిస్సహాయంగా ఎదురుచూసే నిమిషాలుగా మిగిలిపోవు.