ర్యాంపు కట్టేముందు నలుగురి మాట



మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాయువు గల మనిషిని నలుగురు మోసుకొని వచ్చిన సంగతి మనకు తెలిసినదే. ప్రభువు అతనిని బాగుచేసి, పరుపెత్తుకొని ఇంటికి పొమ్మన్నాడు. మా వార్డు నుండి ఇంటికి వెళ్ళే అందరూ అలా నడిచి వెళ్ళలేరు. మిరియాలు కోయడానికి సిల్వర్ ఓక్ చెట్టో, కల్లు గీయడానికి జీలుగు చెట్టో ఎక్కి, జారిపడి వెన్నెముక దెబ్బతిన్నవారు ఉంటారు. పక్షవాతం వచ్చినవారు, షుగరు వల్ల కాలు తీసివేయవలసి వచ్చినవారు ఉంటారు. వీరిలో చాలామంది చక్రాల కుర్చీలో వెళతారు. ఆ కుర్చీ ఇంటి లోపలికి వెళ్ళగలదా అన్నది డిశ్చార్జికి ముందే ఆలోచించాలి.

గడప దాటలేని మనిషి మంచం మీదే ఉండిపోతాడు. నడుము కింద స్పర్శ లేనివారు గంటల తరబడి ఒకే వైపు పడుకుంటే పుండ్లు పడతాయి. మరుగుదొడ్డికి వెళ్ళడం కష్టమని నీళ్ళు తాగడం తగ్గిస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. ఈ రెండూ ప్రాణం మీదకు తెస్తాయి. అందుకే వాలుగా కట్టే ర్యాంపును, వెడల్పు తలుపును, పట్టుకునే కమ్మీని మేము మందులతో సమానంగా చూస్తాము.

అనుమతి ఎందుకు?

ముంచింగిపుట్టు వైపు చాలా ఊళ్ళలో ఇళ్ళు వరుసగా, గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. వాకిట్లో ఎత్తైన అరుగు ఉంటుంది. చక్రాల కుర్చీ సులువుగా ఎక్కాలంటే ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ర్యాంపు కావాలి. అరుగు రెండడుగులు ఉంటే 24 అడుగులు అవుతుంది. అంత పొడవు మన వాకిట్లో సరిపోదు. అది వీధిలోకో, పక్కింటి ముందుకో వెళుతుంది. స్థలం చాలకపోతే మధ్యలో 5 అడుగుల చదునైన చోటు వదిలి మలుపు తిప్పవచ్చు. అయినా ఇరుగుపొరుగు స్థలం కొంత తగులుతుంది.

అడగకుండా కడితే వానాకాలంలో ర్యాంపు మీది నీరు పక్కింటి మట్టిగోడను నానబెడుతుంది. గొడవ మొదలవుతుంది. ఆ ర్యాంపు పగలగొడితే నష్టపోయేది కుర్చీలో ఉన్న మనిషే. ముందుగా అడిగితే పొరుగువారే దానికి కాపలా అవుతారు.

ఎవరెవరిని అడగాలి?

మొదట, ఆ మనిషినే అడగండి. కుటుంబంలో అందరూ కూర్చొని నిర్ణయించి, ఆ మనిషికి చివర్లో చెప్పడం తగదు. స్నానాల గది ఎక్కడ ఉండాలి, ఏ చెయ్యి బలంగా ఉంది, కమ్మీ ఏ వైపు కావాలి, పొయ్యి దగ్గరకు వెళ్ళాలని ఉందా అన్నవి వారికే తెలుసు. ఆడవారికి చాటు ముఖ్యం. వారిని విడిగా, ఆడవారే అడగాలి. తమ ఇష్టప్రకారం సమాజం మధ్య జీవించే హక్కు వికలాంగులకు ఉందని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతున్నది.

రెండవది, ఇంటి హక్కుదారు. ఇల్లు తండ్రి పేరునో, అన్న పేరునో ఉంటే వారి ఒప్పుదల కావాలి. అద్దె ఇల్లయితే యజమాని చేత కాగితం మీద రాయించుకోండి. ఖర్చు ఎవరిది, ఖాళీ చేసేటప్పుడు ర్యాంపు ఉంచాలా తీయాలా అన్నది కూడా రాయాలి. ప్రభుత్వ క్వార్టరయితే ఆ శాఖ అధికారి అనుమతి తీసుకోవాలి.

మూడవది, పక్కింటివారు. కొలతాడుతో నేల మీద ముగ్గు గీసి, ర్యాంపు ఎంతవరకు వస్తుందో, నీరు ఎటు పోతుందో చూపించండి. రెండిళ్ళకు ఉమ్మడి గోడ ఉంటే దానికి కమ్మీ బిగించే ముందు అడగండి. మట్టిగోడకు బిగించిన కమ్మీ ఊడివస్తుంది కనుక నేలలో గుంజ పాతడమే మేలు.

నాలుగవది, ఊరు, పంచాయతీ. మన మండలం ఐదవ షెడ్యూలు ప్రాంతంలో ఉంది. ఊరి వ్యవహారాలను తమ ఆచారం ప్రకారం చూసుకునే అధికారాన్ని 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు గుర్తించింది. ఊరి పెద్దలతో మాట్లాడి, వీధిలో పూజించే రాయికి గాని, పశువుల దారికి గాని అడ్డం రాకుండా చూసుకోండి. తరువాత పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు ఇవ్వండి. రెండు కాపీలు రాసి, ఒకదానిపై అందినట్లు సంతకం, తేదీ, ముద్ర వేయించుకొని దాచండి. వీలైతే గ్రామసభలో తీర్మానం రాయించండి. రేపు వీధిలో సీసీ రోడ్డు వేసినప్పుడు ర్యాంపును తొలగించకుండా ఆ కాగితమే ఆధారం.

మరికొన్ని జాగ్రత్తలు

ప్రభుత్వ పథకంలో ఇల్లు ఇంకా కడుతున్నట్లయితే, మార్పు చేసేముందు హౌసింగ్ ఇంజనీరుతో మాట్లాడండి. బిల్లు దశలవారీగా, ఫోటోలు చూసి వస్తుంది కనుక ప్లాను మారితే చిక్కు రావచ్చు. 2023లో మొదలైన పీఎం జన్‌మన్ పథకం ఆదిమ తెగల కుటుంబాల ఇళ్ళ కోసం వచ్చినది. పునాది దశలోనే అడిగితే తలుపు మూడడుగుల వెడల్పు పెట్టించుకోవచ్చు. గృహ పథకాల కేటాయింపులో 40 శాతం, అంతకు పైబడిన వైకల్యం ఉన్నవారికి 5 శాతం రిజర్వేషన్ ఉండాలని 2016 చట్టం చెబుతున్నది. వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు సిద్ధంగా ఉంచండి.

కమ్మీ కోసం రిజర్వు అడవిలో చెట్టు కొట్టకండి. 2006 అటవీ హక్కుల చట్టంలో చిన్నతరహా అటవీ ఫలసాయం అంటే వెదురు ఉంది, కలప లేదు. ముదురు వెదురును నునుపు చేసి గట్టిగా కడితే చేతికి చక్కగా పట్టు దొరుకుతుంది.

కరెంటు తీగ ర్యాంపు మీదుగా వేలాడుతుంటే లైన్‌మన్‌కు చెప్పండి. స్వయంగా జరపవద్దు.

ఇవన్నీ పూర్తయ్యే వరకు రోగిని ఇంట్లో కదలకుండా ఉంచకండి. రెండు గంటలకొకసారి పక్క మార్చండి, రోజూ వీపు, పిరుదులు, మడమలు చూడండి. ఎర్రబడిన చోటు తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకురండి. డిశ్చార్జి తేదీ తెలిసిన రోజే అరుగు ఎత్తు, తలుపు వెడల్పు, వాకిలి పొడవు కొలిచి చీటీ మీద రాసి వార్డు సిస్టరుకు ఇవ్వండి. కూర్చొని కలిసి లెక్క వేద్దాము.