ఎడమ చేతిని కాపాడుకోండి!

మిరప కోతల కాలం వచ్చిందంటే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఆడవాళ్ళకు క్షణం తీరిక వుండదు. తెల్లవారకముందే క్యారేజీ కట్టుకుని చేలోకి పరిగెత్తాలి. ఆ తర్వాత కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరాలి, తొడిమలు తీయాలి. పత్తి తీతలయితే సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. అప్పుడేం చేస్తాం? నొప్పి బిళ్ళ ఒకటి మింగుతాం. మరీ నీరసంగా వుంటే వూళ్ళో డాక్టరు చేత ఒక సెలైన్ సీసా ఎక్కించుకుంటాం. "కుడి చేతికొద్దండీ, పనికి అడ్డం. ఎడమ చేతికే పెట్టండి" అని కూడా చెబుతాం. అవునా, కాదా?

ఆ ఎడమ చెయ్యి గురించే ఈ నాలుగు మాటలు. ఇంట్లో షుగరు, బి.పి. వున్నవాళ్ళుంటే, లేదా "కిడ్నీలు కొంచెం దెబ్బ తిన్నాయి" అని ఎవరికైనా డాక్టరుగారు చెప్పివుంటే, కూర పొయ్యి మీద నుంచి దించి మరీ చదవండి!

మిషనుకు దారి కావాలి

కిడ్నీలు పూర్తిగా చేతులెత్తేస్తే రక్తాన్ని శుభ్రం చేసే పని డయాలసిస్ మిషను చేస్తుందని మీకు తెలుసు. కనిగిరి, పామూరు వైపు ఇళ్ళలో ఈ మాట కొత్తది కాదు. అక్కడ ఫ్లోరైడు నీళ్ళ బాధతో పాటు కిడ్నీ జబ్బుల బాధ కూడా ఏళ్ళ తరబడి వుంది. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు ఆ మిషను పక్కన పడుకోవాలి.

అయితే మిషనుకు రక్తం అందేదెట్లా? నిమిషానికి సుమారు 300 మిల్లీలీటర్లు, అంటే మూడు టీ గ్లాసులంత రక్తం బయటికి వచ్చి, శుభ్రపడి, మళ్ళీ ఒంట్లోకి వెళ్ళాలి. చేతి మీద నీలంగా కనిపించే సిర, మనం వాడుకలో నరం అంటామే, అది అంత ధార ఇవ్వలేదు. ధార బలంగా వుండేది గుండె నుంచి రక్తం తెచ్చే ధమనిలో. కాని అది లోతుగా వుంటుంది. దాన్ని మాటిమాటికీ సూదితో గుచ్చకూడదు.

1960లో అమెరికాలో స్క్రిబ్నర్ అనే డాక్టరు చేతిలోకి రెండు గొట్టాలు దూర్చి, వాటి కొసలు బయటే వుంచి డయాలసిస్ చేయించారు. ప్రాణాలైతే నిలిచాయి గాని, గడ్డలు కట్టడం, చీము పట్టడం తప్పలేదు. 1966లో న్యూయార్కు డాక్టర్లు బ్రేసియా, సిమినో, అపెల్ ఒక చక్కని వుపాయం ప్రకటించారు. మణికట్టు దగ్గర ధమనినీ సిరనూ లోపలే కలిపి కుట్టేయడం! పెద్ద కాలువ నీళ్ళు పిల్ల కాలువలోకి మళ్ళించినట్టు, ధమని ధారకు సిర లావెక్కి గట్టిపడుతుంది. దీన్నే ఫిస్టులా అంటారు. ఇది పనికొచ్చేందుకు ఆరు వారాల నుంచి మూడు నెలల దాకా పట్టవచ్చు.

నరం లేకపోతే?

షుగరు వల్లనో, సూదులు గుచ్చీ గుచ్చీనో చేతి సిరలు సన్నబడి, మూసుకుపోయివుంటే ఫిస్టులా కుదరదు. అప్పుడు ధమనికీ సిరకూ మధ్య ఒక కృత్రిమ రక్తనాళం అతుకుతారు. దాని పేరు గ్రాఫ్ట్. పెన్సిలంత లావు మెత్తని గొట్టం. చర్మం కిందే వుంటుంది, బయటికి కనబడదు.

దీని కథలో కుట్టు మిషను కూడా వుంది! 1950లలో హ్యూస్టన్‌లో డిబేకీ అనే సర్జన్, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం పాడయినవాళ్ళ కోసం డెక్రాన్ బట్ట కొనుక్కొచ్చి, భార్య కుట్టు మిషను మీద తానే గొట్టాలు కుట్టారు. కుట్టుపని చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పినదే!

డయాలసిస్ గ్రాఫ్టు ఎక్కువగా చేసేది మాత్రం వేరే పదార్థంతో. అది మీ వంటింట్లోనే వుంది. నాన్‌స్టిక్ పెనం మీది టెఫ్లాన్! 1938లో ప్లంకెట్ అనే శాస్త్రజ్ఞుడికి అనుకోకుండా దొరికిందది. 1969లో బాబ్ గోర్ వేడి చేసిన టెఫ్లాన్ కడ్డీని ఒక్క వూపున లాగితే, తెగకుండా సాగి సన్నని రంధ్రాలతో మెత్తగా తయారయింది. దానితో చేసిన గొట్టాలే 1970లలో డయాలసిస్ రోగులకు అందాయి. "పెనం మీద పూత రాలినట్టు లోపల రాలదు కదా?" అంటారేమో. భయం లేదు. ఇది పూత కాదు, గొట్టం మొత్తం దానితో చేసిందే.

గ్రాఫ్టును సాధారణంగా రెండు మూడు వారాల్లో వాడుకోవచ్చు. అయితే సొంత నరంతో పోలిస్తే ఇందులో రక్తం గడ్డకట్టడం ఎక్కువ, చీము పట్టే భయం ఎక్కువ. మెడలో పెట్టే గొట్టానికి ఇంకా ఎక్కువ. ఆఖరి నిమిషంలో ఆసుపత్రికి పరిగెత్తినవాళ్ళకు ముందు దక్కేది ఆ మెడ గొట్టమే!

రోజూ చూసుకోవలసినవి

ఫిస్టులా అయినా, గ్రాఫ్టు అయినా, ఆ చోట వేళ్ళు ఆనిస్తే పిల్లి గురక పెట్టినట్టు జుమ్ముమని తెలుస్తుంది. పొద్దున్నే ముఖం కడుక్కోగానే ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి చూసుకోండి. ఆ జుమ్ము ఆగిపోతే రేపు చూద్దామనుకోకండి, ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళండి.

ఆ చేతికి బిగుతు గాజులు, బిగుతు జాకెట్టు చేతులు వద్దు. ఆ చేతి మీద పడుకోవద్దు, బిందె మొయ్యవద్దు. బి.పి. చూడనివ్వకండి, రక్తం తీయనివ్వకండి. మిరప ఘాటు తగిలిన చేతితో అక్కడ గోకవద్దు. డయాలసిస్‌కు ముందు సబ్బుతో శుభ్రంగా కడుక్కోండి. ఎర్రబడినా, చీము కనిపించినా, జ్వరం వచ్చినా వెంటనే చూపించండి. రక్తం ధారగా కారితే శుభ్రమైన బట్ట పెట్టి వేలితో అక్కడే గట్టిగా నొక్కి పట్టి, 108కి ఫోన్ చేయించండి.

మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2024లో తిరిగి డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ పేరు పెట్టుకున్న పథకంలో డయాలసిస్ వుంది. ఆపరేషను, గ్రాఫ్టు ఖర్చు సంగతి ఆసుపత్రిలో ముందే అడగండి. మొహమాటపడకండి.

ఇప్పుడే చేయగలిగింది

అన్నిటికన్నా మేలైన రక్తనాళం దేవుడిచ్చిన మన నరమే. అందుకే కిడ్నీ జబ్బు వున్నవాళ్ళు పని చేయని చేతిని, అంటే చాలామందికి ఎడమ చేతిని, మొదటి నుంచీ దాచుకోవాలి. అవసరం లేని సెలైన్లు మానుకోండి. సూది తప్పకపోతే "అరచేతి వెనుక వైపున పెట్టండి" అని అడగండి. డాక్టరు చెప్పని నొప్పి బిళ్ళలు కిడ్నీలకే చేటు. షుగరు, బి.పి. వున్నవాళ్ళు ఏడాదికొకసారైనా క్రియాటినిన్, మూత్ర పరీక్షలు చేయించుకోండి. "ముందు ముందు డయాలసిస్ అవసరం రావచ్చు" అన్న మాట చెవిన పడ్డ రోజే, "మరి ఫిస్టులా ఎప్పుడండీ?" అని మీరే అడగండి.

పుట్టింటివాళ్ళు పెట్టిన గాజులను బీరువాలో భద్రంగా దాచుకుంటాం కదా! వాటిని తొడుక్కునే చేతిని కూడా అంత భద్రంగా చూసుకుందాం.