గడ్డ పేరు తేలాకే కత్తి

ఏడాదికి రెండు మూడుసార్లయినా జిల్లా పేజీలో ఈ వార్త పడుతుంది: మహిళ కడుపులోంచి ఇన్ని కిలోల కణితి తొలగింపు. ట్రేలో కణితి, దాని వెనక వరసగా డాక్టర్లు. చదివినవాళ్లకు బరువొక్కటే గుర్తుంటుంది. కత్తి పట్టేముందు అదేమిటో ఎలా తేల్చారన్నది వార్తలో ఉండదు. అరుదైన కణితుల వైద్యంలో సగం పని అక్కడే అయిపోతుంది. జనంలో తిరిగే అపోహలు కూడా ఎక్కువగా ఆ సగం గురించినవే.

అపోహ: గడ్డలో వెంట్రుకలు, పళ్లు వచ్చాయంటే ఎవరో చేతబడి చేసినట్టే.

వాస్తవం: అండాశయంలో వచ్చే ఈ గడ్డను డెర్మాయిడ్ సిస్ట్ అంటారు, టెరటోమా అన్నా అదే. కోసి చూస్తే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది, కాదనను. ఒంటి వేడికి నూనెలా ఉన్న కొవ్వు బయటికి రాగానే చల్లారి వెన్నలా పేరుకుంటుంది. అందులో చుట్టలు చుట్టుకున్న జుట్టు, ఒక్కోసారి గోడకు అంటుకుని ఒకటో రెండో పళ్లు. కారణం మంత్రం కాదు. అండంగా మారాల్సిన కణానికి ఒంట్లోని ఏ కణజాలాన్నయినా తయారుచేసే శక్తి ఉంటుంది. ఫలదీకరణతో పని లేకుండానే అది ఒక తీరూ తెన్నూ లేకుండా పెరిగితే చర్మం, జుట్టు, ఎముక, అరుదుగా థైరాయిడ్ కణజాలం కూడా పుట్టుకొస్తాయి. పెళ్లికాని పిల్లల్లోనూ వస్తుంది కాబట్టి ఇరుగుపొరుగు గుసగుసలకు అర్థం లేదు. నూటికి ఒకటి రెండు మాత్రమే క్యాన్సర్‌గా మారతాయి. అంతకన్నా తరచుగా వచ్చే ముప్పు మరొకటుంది. గడ్డ బరువుకు అండాశయం మెలిపడితే దానికి రక్తం ఆగిపోతుంది. ఉన్నట్టుండి భరించలేని నొప్పి, వాంతులు మొదలవుతాయి. అప్పుడు గంటల్లో ఆపరేషన్ జరగాలి. లేత వయసువాళ్లకు చాలావరకు సిస్ట్‌ను మాత్రమే ఒలిచి తీసి అండాశయాన్ని కాపాడతారు.

అపోహ: నిన్నటిదాకా బాగున్న పిల్ల పిచ్చిగా మాట్లాడితే గాలి సోకినట్టే. దానికీ పొత్తికడుపులో గడ్డకీ ఏం సంబంధం?

వాస్తవం: ఒక్కోసారి సంబంధం ఉంటుందని 2007లో తేలింది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జోసెప్ దాల్మావ్ బృందం టెరటోమా ఉన్న 12 మంది స్త్రీల వివరాలు ప్రచురించింది. వాళ్లలో కనిపించినవి మానసిక లక్షణాలు, మతిమరుపు, మూర్ఛలు, స్పృహ తప్పడం. టెరటోమాలో నాడీ కణజాలం కూడా ఉండొచ్చు. దాన్ని శత్రువనుకుని ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలు మెదడులోని ఎన్ఎండీఏ గ్రాహకాల మీద కూడా పడతాయి. వెన్నులోంచి తీసిన నీటిలో ఆ యాంటీబాడీలు దొరికితే జబ్బు రూఢి అవుతుంది. ఆపైన స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబ్యులిన్, గడ్డ ఉంటే దాన్ని తీసేయడం. నెలలు పట్టినా చాలామంది కోలుకుంటారు. ఈ జబ్బు వచ్చిన అందరిలోనూ గడ్డ ఉండదు. మగవాళ్లకూ పిల్లలకూ రావచ్చు. మన దగ్గర ఇలాంటి పిల్ల ముందు భూతవైద్యుడి గడప తొక్కి, అన్నీ అయ్యాక న్యూరాలజిస్టును చేరుతుంది. చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత మంచిదని తెలిసిన జబ్బులో ఆ వరస తిరగబడాలి.

అపోహ: ముక్క తీసినా, కత్తి తగిలినా క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది.

వాస్తవం: ఈ మాట పుట్టడానికి కారణం ఉంది. అన్ని వైద్యాలూ అయ్యాక ఆఖర్న పెద్దాసుపత్రికి వెళ్లిన మనిషికి అప్పటికే జబ్బు పాకి ఉంటుంది. ఆపరేషన్ తర్వాత రెండు నెలలకు ఆయన పోతే ఊరికి గుర్తుండేది ఆపరేషనే. సరైన పద్ధతిలో చేసిన బయాప్సీ వల్ల కణాలు బయటపడటం చాలా అరుదు. ఆ అరుదైన ముప్పును కూడా లెక్కలో పెట్టుకునే సర్జన్లు పనిచేస్తారు. తొడలో, చేతిలో లోతుగా వచ్చే సార్కోమాకు ముందు ఎంఆర్ఐ తీస్తారు. తర్వాత రేపు కోయబోయే గీత మీదే సూది దించుతారు, ఆపరేషన్‌లో ఆ సూది దారి కూడా గడ్డతోపాటే బయటికొచ్చేస్తుంది. చెడుపు చేసేది 'కొవ్వు గడ్డే కదా' అని స్కానింగ్ లేకుండా కోసేయడం. ఆ మనిషికి రెండోసారి ఇంకా పెద్ద ఆపరేషన్ తప్పదు. అయిదు సెంటీమీటర్లు దాటినా, లోతుగా ఉన్నా, పెరుగుతున్నా, నొప్పి లేదని ఊరుకోకూడదు.

ముక్క పరీక్ష శుభవార్త కూడా తెస్తుంది. కడుపులో నీరు, గడ్డలాంటిది, రక్తంలో సీఏ-125 ఎక్కువ అనగానే అండాశయ క్యాన్సరని ఇంటిల్లిపాదీ కుప్పకూలతారు. మన దేశంలో పొట్ట క్షయ కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. అది క్షయేనని తేలితే మాత్రల కోర్సుతో నయమవుతుంది.

అపోహ: అయితే ఏ గడ్డనైనా ముందు సూదితో గుచ్చి చూడాల్సిందే.

వాస్తవం: ఇది పై అపోహకు తోబుట్టువు. వృషణంలో కణితి అనుమానిస్తే తిత్తి చర్మం గుండా సూది వేయరు, గజ్జ దగ్గర కోసి తీస్తారు. కుక్కల మలంలోని గుడ్ల ద్వారా మనిషికి చేరే ఒక పురుగు కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తి కడుతుంది. దీన్ని హైడాటిడ్ సిస్ట్ అంటారు. గొర్రెలూ కుక్కలూ కలిసి తిరిగే ఊళ్లలో ఇది ఎక్కువ. జాగ్రత్త లేకుండా గుచ్చితే లోపలి నీరు ఒలికి ప్రాణాంతకమైన ఎలర్జీ రావచ్చు, పిల్లతిత్తులు చెల్లాచెదురు కావచ్చు. అందుకే ఆపరేషన్‌లో తిత్తి తెరిచేముందు చుట్టూ గాఢమైన ఉప్పునీటిలో తడిపిన గుడ్డలు పేరుస్తారు.

ఇక ఫియోక్రోమోసైటోమా. మూత్రపిండం నెత్తిన ఉండే అడ్రినల్ గ్రంథిలో పుడుతుంది. ఉండుండి తలనొప్పి, ఒళ్లంతా చెమటలు, గుండెదడ, బీపీ ఆకాశానికి. 'టెన్షన్ పెట్టుకోకమ్మా' అని పంపేస్తుంటారు. సూది గుచ్చితే ఒక్కసారిగా హార్మోన్ వెల్లువెత్తి ప్రాణం మీదికి రావచ్చు, కాబట్టి మెటానెఫ్రిన్ల కోసం రక్తమో మూత్రమో పరీక్షించి, స్కానింగ్ చేసి పట్టుకుంటారు. తేలినా వెంటనే కోయరు. ఒకటి రెండు వారాలు ఆల్ఫా బ్లాకర్ మాత్రలు వేసి, ఉప్పూ నీళ్లూ పెంచి ఒంటిని సిద్ధం చేస్తారు. బీటా బ్లాకర్ అవసరమైతే ఆ తర్వాతే, ముందు ఇస్తే బీపీ ఇంకా ఎగబాకుతుంది. థియేటర్‌లో సర్జన్ వేలు కణితికి తగిలితే చాలు, మానిటర్ మీద అంకెలు పైకి లేస్తాయి. దాని సిర కట్టేయగానే పడిపోతాయి. ఆ కాసేపూ ఆపరేషన్ సగం మత్తు డాక్టరు చేతిలోనే ఉంటుంది. 1926లో స్విట్జర్లాండ్‌లో సీజర్ రూ, అమెరికాలో చార్లెస్ మేయో ఇప్పటి మందులేవీ లేకుండానే ఇలాంటి కణితులు తీసి రోగులను బతికించారు.

అపోహ: గడ్డ ఎంత పెద్దదైతే అంత పెద్ద క్యాన్సర్.

వాస్తవం: కాదు. 1809లో అమెరికాలోని కెంటకీలో ఎఫ్రాయిమ్ మెక్‌డోవెల్ మత్తుమందు లేని రోజుల్లో జేన్ టాడ్ క్రాఫర్డ్ అనే ఆమె అండాశయం నుంచి సుమారు 10 కిలోల గడ్డ తీశాడు. ఆమె ఆ తర్వాత 30 ఏళ్లకు పైగా బతికింది. గోళీకాయంత ఉండే ఇన్సులినోమా అనే కణితి మాత్రం, చాలావరకు క్యాన్సర్ కాకపోయినా, షుగర్ పడగొట్టి మూర్ఛ రోగమనిపించగలదు.

అపోహ: అరుదైన క్యాన్సర్‌కు మందే ఉండదు.

వాస్తవం: ముత్యాల గర్భం (మోలార్ ప్రెగ్నెన్సీ) తర్వాత కొందరిలో కోరియోకార్సినోమా అనే క్యాన్సర్ వస్తుంది. ఊపిరితిత్తులకు పాకినా మందులతోనే నయం చేయొచ్చని 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ చూపించారు. వాళ్లు వాడిన మెథోట్రెక్సేట్ వెనక ఉన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధన. ముత్యాల గర్భం తీయించుకున్నవాళ్లు డాక్టరు చెప్పినన్నాళ్లూ హెచ్‌సీజీ రక్తపరీక్షలు మానకూడదు.

ఒక్క విన్నపం. ఏ ఆసుపత్రిలోనైనా, ఎంత చిన్న గడ్డ తీసినా దాన్ని పారేయనివ్వకండి. పాథాలజీకి పంపమని అడగండి, రిపోర్టు చేతికి తీసుకోండి. మైనపు బ్లాకులు, స్లైడ్లు ల్యాబులో భద్రంగా ఉంటాయి. అనుమానముంటే వాటిని అడిగి తీసుకుని ఇంకో పాథాలజిస్టుకు చూపించవచ్చు.