కబురు ఒకటే – భాషలు రెండు

"కబురు" అను మాట వినబడని తెలుగు ఇల్లుండదు. ఇది అరబ్బీలోని "ఖబర్" అను పదము నుండి మనకు వచ్చినది. ఇదే పదము తూర్పున మలయ్ భాషలోను, పడమట కుర్దు భాషలోను కలదు. మలయ్ మాటలాడువారు ఒకరినొకరు కలిసికొన్నప్పుడు "ఆపా ఖబర్" అని పలుకరింతురు. "ఏమి కబురు?" అని దాని అర్థము, "కులాసాయేనా?" అని భావము. కుర్దులు వార్తను "ఖెబెర్" అందురు.

ఈ పోలికను చూచి ఈ రెండు భాషలును బంధువులని తలచరాదు. వర్తకముతోను, ఇస్లాము మతముతోను పాటు అరబ్బీ మాటలు దేశదేశములకు పయనించినవి. ఎరువు తెచ్చుకొన్న మాటలు వేరు, పుట్టుకతో వచ్చిన మాటలు వేరు. భాషల చుట్టరికమును తేల్చునవి ఈ రెండవ రకపు మాటలే.

అట్టివానిలో అంకెలు ముఖ్యమైనవి. కుర్దులు ఒకటి మొదలు పది వరకు యెక్, దూ, సే, చార్, పెంజ్, షెష్, హెఫ్త్, హెష్త్, నెహ్, దెహ్ అని లెక్కింతురు. పంచ, షట్, సప్త, అష్ట, నవ, దశ అను సంస్కృత పదముల ఛాయ వీనిలో స్పష్టముగా కనిపించును. కుర్దు భాష ఇండో యూరోపియన్ కుటుంబమున ఇరానీ శాఖకు చెందినది. పారసీకమునకు సోదరి, సంస్కృతమునకు దూరపు బంధువు.

మలయ్ అంకెలు సాతు, దువా, తిగా, ఎంపత్, లీమా. ఇందలి "దువా", కుర్దులోని "దూ" ఒకదానికొకటి దగ్గరగా తోచుట కేవలము కాకతాళీయము. మలయ్ ఆస్ట్రోనేషియన్ కుటుంబములోనిది. ఆ కుటుంబపు భాషలు మడగాస్కరు నుండి హవాయి ద్వీపముల వరకు వ్యాపించియున్నవి.

అయినను మలయ్‌లో మనకు పరిచితములైన పదములు కొల్లలు. భాషను "బహాస" అందురు, ఉపాధ్యాయుడు "గురు", ముఖము "ముక", రంగు "వర్న", తల "కెపాల", భర్త "సువామి". సుమత్రా ద్వీపమున పాలెంబాంగు సమీపములో దొరకిన క్రీ. శ. 683 నాటి శాసనము ప్రాచీన మలయ్‌లో నున్నది. దాని లిపి దక్షిణ భారతపు పల్లవ లిపి నుండి పుట్టినది. సంస్కృత పదములు విరివిగా నున్నను తెలుగు ద్రావిడ భాషయే యైనట్లు, మలయ్ కూడ సంస్కృతమునకు ఋణగ్రస్తయే గాని సంతానము కాదు.

ఇక వ్యాకరణమును చూతము. మలయ్‌లో "మాకన్" అనగా తినుట. నేను తింటినన్నను, వారు తినెదరన్నను క్రియ "మాకన్" గానే యుండును. పని ముగిసినదని చెప్పవలెనన్నచో దానికి ముందు "సుదహ్" అను మాటను చేర్తురు. "ఓరాంగ్" అనగా మనిషి; "ఓరాంగ్ ఓరాంగ్" అనగా మనుషులు. మాటకు ముందు వెనుకల చేరు ప్రత్యయములలో ఈ భాష నేర్పు కనబడును. "అజర్" అను ధాతువు నుండి "బెలజర్" నేర్చుకొనుట, "మెంగజర్" బోధించుట, "పెలజర్" విద్యార్థి, "పెలజరన్" పాఠము అను పదములు ఏర్పడినవి.

కుర్దు మార్గము వేరు. కుర్మాంజీ మాండలికమున "ఎజ్ సేవే దిఖ్విమ్" అనగా "నేను సేపు పండు తినుచున్నాను". భూతకాలములో ఇది "మిన్ సేవ్ ఖ్వార్" అని మారును. "నేను" అను పదమే "ఎజ్" నుండి "మిన్" కాగా, క్రియ కర్తను విడిచి కర్మను అనుసరించును. పండ్లు పెక్కైనచో "ఖ్వారిన్" అనవలెను. హిందీలో "నే" ప్రయోగముతో తికమకపడిన వారికి ఇది కొత్త గాదు.

మలయ్ సులభమగుటచే వర్ధిల్లినది, కుర్దు క్లిష్టమగుటచే వెనుకబడినది అనుకొందుమా? అది సత్యము కాదు. మలక్కా జలసంధి రేవులలో మలయ్ తరతరములుగా బేరసారముల భాష. 1928 అక్టోబరు 28న బటావియాలో సమావేశమైన యువజనులు దానిని ఇండొనేషియా ఐక్యభాషగా ప్రకటించిరి. అచట జావా భాష మాతృభాషగా గలవారే అధికులు. అయినను ఏ ఒక్క జాతికి పెద్దరికము నీయని భాషను వారు ఎన్నుకొనిరి. నేడది ఇండొనేషియా, మలేషియా, బ్రూనై, సింగపూరు దేశములలో రాజ్యాంగ గౌరవము నందియున్నది. "చ" ధ్వనిని డచ్చి పద్ధతివారొక విధముగ, ఆంగ్ల పద్ధతివారొక విధముగ వ్రాయుచుండగా, 1972లో ఇండొనేషియా, మలేషియా ప్రభుత్వములు కూడబలుకుకొని ఒకే వర్ణక్రమమును అమలు జరిపినవి.

కుర్దులకు అట్టి ప్రభుత్వము లేకపోయెను. 1920 నాటి సేవ్ర్ సంధి వారికి ప్రత్యేక రాజ్యమును గూర్చి ఆశ చూపెను. 1923 నాటి లొసాన్ సంధి ఆ మాటయే ఎత్తలేదు. వారి సీమ తుర్కీ, ఇరాకు, ఇరాను, సిరియాల మధ్య పంపకమైనది. కుర్మాంజీకి జెలాదెత్ అలీ బెదిర్ఖాన్ 1932లో డమాస్కసు నుండి వెలువరించిన "హవార్" పత్రిక ద్వారా రోమను లిపి నేర్పరచెను. సోరానీ మాండలికము మాత్రము సవరించిన అరబ్బీ లిపిలో నడచుచున్నది. కావున ఒకరి పత్రిక మరియొకరికి చదువరాకపోవచ్చును. తుర్కీలో 1983 నాటి చట్టము కుర్దు భాషలో ప్రచురణలను నిషేధించెను. 1991లో గాని అది రద్దు కాలేదు. ఇరాకులో మాత్రము 2005 నాటి రాజ్యాంగము కుర్దు భాషను అరబ్బీతో పాటు అధికార భాషగా చేసెను.

రేడియో గల మన ఇండ్ల వారు ఇచట ఒక సంగతి గమనింపదగును. 1955 నుండి సోవియట్ ఆర్మీనియాలోని యెరెవాన్ కేంద్రము కుర్దు కార్యక్రమములను ప్రసారము చేసెను. సరిహద్దు కీవల తుర్కీలోని కుర్దు కుటుంబములు రేడియోను సన్నగా పెట్టుకొని తమ పాటలు, తమ కబుర్లు తమ నుడిలో వినుచుండెడివి. బడిలో చోటు లేని భాషకు ఆ పెట్టె యొక బడి యాయెను. 2009 జనవరి 1న తుర్కీ ప్రభుత్వ ప్రసార సంస్థయే ప్రత్యేక కుర్దు టెలివిజను ఛానలును ప్రారంభించెను.

భాషకు వయస్సు, వ్యాకరణము ఇచ్చు బలము కొంతయే. ఇంటిలో పలికెడి మాట బడిలోను, న్యాయస్థానములోను, పత్రికలోను చెల్లుబడి యగునా కాదా అనునదే దాని భవిష్యత్తును నిర్ణయించును. మలయ్‌కు ఆ చెల్లుబడి లభించినది. కుర్దు దానికొరకు నేటికిని పెనగులాడుచున్నది.