వార్తల్లో పదం: హెపాటిక్ ఎన్‌సెఫలోపతి

దెబ్బతిన్న కాలేయం వల్ల మెదడు పనితీరు మందగించే స్థితి ఇది. హెపటైటిస్‌ బి, సి వైరస్‌లు ఏళ్ల తరబడి ఒంట్లో ఉండిపోతే కాలేయం గట్టిపడి సిరోసిస్‌కు దారితీయవచ్చు. పేగుల్లోని బ్యాక్టీరియా తయారుచేసే అమ్మోనియాను ఆరోగ్యకరమైన కాలేయం యూరియాగా మారుస్తుంది. సిరోసిస్‌లో ఆ పని కుంటుపడి, అమ్మోనియా రక్తంతోపాటు మెదడుకు చేరి అక్కడి ఆస్ట్రోసైట్‌ కణాలను ఉబ్బిస్తుంది.

తొలిదశ పైకి కనిపించదు. గుంటూరు మిర్చి యార్డులో ఏళ్లుగా నోటిలెక్క చెప్పే గుమస్తా తడబడటం, పగలు కునికి రాత్రి మేలుకోవడం, చేతిరాత మారడం లాంటివి దాని ఆనవాళ్లు కావచ్చు. పత్తి, మిర్చి చేలల్లో ఇలాంటి మగతను ఎండదెబ్బ కిందో పురుగుమందు ప్రభావం కిందో జమకట్టడం తేలిక. ముదిరితే చాచిన చేతులు రెక్కల్లా అదురుతాయి, చివరకు కోమా.

సిరోసిస్‌ లేకున్నా హెపటైటిస్‌ సి ఉన్న కొందరిలో మతిమరుపు, ఏకాగ్రత లోపం కనిపిస్తాయి. 2001లో లండన్‌ పరిశోధకులు అలాంటి రోగుల మెదడులో రసాయనిక మార్పులు గుర్తించారు. వైరస్‌దే నేరమా, అలసట, కుంగుబాటులదా అన్నది ఇంకా తేలలేదు.

లాక్టులోజ్‌, రిఫాక్సిమిన్‌ అమ్మోనియాను తగ్గిస్తాయి. పప్పు, గుడ్డు మాన్పించే పాత పథ్యం కండను కరిగించి కీడే చేస్తుంది. కామెర్లకు పసరు మందుతో కాలం గడపడం మరింత నష్టం. హెపటైటిస్‌ సి సాధారణంగా 12 వారాల మాత్రలతో నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. హెపటైటిస్‌ బి అదుపులో మాత్రమే ఉంటుంది. దాని టీకాను 1997లో హైదరాబాద్‌ శాంతా బయోటెక్నిక్స్‌ చౌకగా అందించింది.