అక్షరం తప్పితే ఆపరేషన్ ఆగుతుంది!

"డాక్టరు గారూ, మీరు రాసిన చీటీలో ఆయనకి నలభై ఎనిమిది. కార్డులో యాభై నాలుగు. ఇద్దరూ ఒకరేనని రుజువు తెమ్మన్నారండీ!"

కె.గంగవరం మండలం, కోటిపల్లి వైపు నుంచి వచ్చిన ఒక ఇల్లాలు నా ముందు నిలబడి అన్న మాట ఇది. ఆమె భర్త కొబ్బరి దింపు కార్మికుడు. గుండె రక్తనాళంలో అడ్డు ఉందని పెద్దాసుపత్రికి పంపాను. అక్కడ ఉచిత చికిత్సకి అనుమతి ఆగిపోయింది. కారణం జబ్బు కాదు, నా కలం! రోగుల రద్దీలో వయసు అడిగి రాశానే గాని కార్డు చూడలేదు. తప్పు దిద్ది, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాక గాని అనుమతి రాలేదు. ఆయన బతికారు. ఆ రెండు రోజుల్లో గుండె ఆగిపోయి ఉంటే? ఈ ప్రశ్న నన్ను నేటికీ వదల్లేదు.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే నేడు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవగా నడుస్తోంది. ఆసుపత్రివారు మీ వివరాలూ, పరీక్షల కాగితాలూ కంప్యూటరు ద్వారా పంపుతారు. అనుమతి ఇచ్చే డాక్టరు మీ నాడి పట్టుకోడు, మీ కాగితాన్నే చూస్తాడు. ఒకరి కార్డు మీద మరొకరు వైద్యం పొందకుండా ఈ తనిఖీ అవసరమే. కాని తేడా కనబడితే ఫైలు వెనక్కి వస్తుంది.

తేడాలు ఎక్కడ వస్తాయి? పెళ్ళయిన అమ్మాయికి ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, రేషన్ కార్డులో అత్తవారిది ఉంటుంది. "సత్యవతి" ఒకచోట "సత్తెమ్మ" అవుతుంది. ఆధార్‌కి ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో మారిపోయి ఉంటుంది. కాయకష్టం చేసే చేతులకి వేలిముద్రలు అరిగిపోతాయి.

కాబట్టి ఒంట్లో బాగున్నప్పుడే ఇంటిల్లిపాది కార్డులూ ముందు వేసుకుని సరిచూడండి. పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు కలవకపోతే ఆధార్ కేంద్రంలో దిద్దించుకోండి. బిడ్డ పుడితే 21 రోజుల్లోగా జననం నమోదు చేయించండి. పిల్లలకు 5 ఏళ్ళు నిండాక ఒకసారి, 15 నిండాక మరోసారి ఆధార్‌లో వేలిముద్రలు నమోదు చేయించాలి.

ఆసుపత్రిలో చేరేటప్పుడు చీటీ మీద పేరూ వయసూ చదివించుకోండి. తప్పుంటే అప్పుడే చెప్పండి. డాక్టరుని అడగడానికి మొహమాటపడకండి. మేమూ మనుషులమే!

అనుమతి రాలేదంటే ఇల్లమ్మడానికి పరుగెత్తకండి. ముందుగా కారణమేమిటో ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడగండి. చాలాసార్లు అది తిరస్కారం కాదు, అదనపు కాగితం కోసం వేసిన ప్రశ్న మాత్రమే. కావలసిన కాగితం జతచేసి మళ్ళీ పంపించండి. 104కి ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పవచ్చు.

సొంతంగా బీమా కట్టుకున్నవారు తిరస్కరణ కారణాన్ని రాతపూర్వకంగా తీసుకుని, కంపెనీకే మొదట ఫిర్యాదు రాయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దీనికి రుసుము లేదు.

ఒక్క హెచ్చరిక. ఛాతీలో నొప్పి, పక్షవాతం, రక్తస్రావం వంటివి వస్తే కార్డు కోసం బీరువా వెతుకుతూ కూర్చోకండి. 108కి ఫోన్ చేసి ముందు మనిషిని ఆసుపత్రికి చేర్చండి. కాగితాలు వెనకాల మరొకరు తెస్తారు. కాగితాన్ని దిద్దుకోవచ్చు, పోయిన ప్రాణాన్ని తేలేం.