చంటిపిల్లతో సముద్రానికి మధ్యాహ్నం బస్సే మేలు

నర్సీపట్నం: మన్యానికి ముఖద్వారమైన ఈ ఊరికి లంబసింగి చలి ఎంత దగ్గరో, సముద్రపు గాలీ ఇంచుమించు అంతే దగ్గర. అయినా చంటిపిల్లలున్న ఇళ్లలో సముద్రం మాట ఎత్తితే "పిల్ల కాస్త పెద్దదయ్యాక చూద్దాంలే" అనే జవాబే వస్తుంది. దీనికి ఖర్చు ఒక కారణం, భయం మరొక కారణం. ఖర్చు సంగతి ఇప్పుడు చాలావరకు తేలికపడింది. భయం మాత్రం కొంత ఉండవలసిందే.

ముందు లెక్క చూద్దాం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో మహిళలకు టిక్కెట్టు లేదు. ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపితే సరిపోతుంది. అయిదేళ్లలోపు పిల్లలకు ఆర్టీసీలో ఎటూ ఉచితమే. అంటే తల్లి, పిల్ల, తోడు వచ్చే నాయనమ్మ, తండ్రి కలిసి బయలుదేరితే డబ్బు పెట్టవలసింది తండ్రి ఒక్కడి టిక్కెట్టుకే. తొందరపడి సూపర్ లగ్జరీ ఎక్కితే ఈ లెక్క తప్పుతుంది. ఆ బస్సులకు పథకం వర్తించదు.

ఇక వేళ. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. తెల్లవారుజామునే పిల్లను లేపి, ఏడుస్తుంటే సముదాయిస్తూ మొదటి బస్సు ఎక్కుతారు. తాళ్లపాలెం, అనకాపల్లి మీదుగా విశాఖ చేరి, సిటీ బస్సు మారి ఒడ్డుకు వెళ్లేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. కాలు మోపితే ఇసుక చురుక్కుమంటుంది. పిల్ల దిగనంటుంది, పెద్దలు నీడ కోసం వెతుక్కుంటారు. సాయంత్రం చల్లబడే వేళకు తిరుగు బస్సు అందదేమోనని లేచిపోతారు. అసలు సముద్రం బాగుండే రెండు గంటలనూ వదులుకుని రావడమన్నమాట.

ఉదయం పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి వరకు ఎండ చంటిపిల్లలకు పనికిరాదు. కాబట్టి ఇంట్లో అన్నం తినిపించి, పిల్ల కునుకు తీసే వేళకు బస్సెక్కడం మేలు. నిద్రంతా బస్సులోనే అయిపోతుంది. ఒడ్డుకు చేరేసరికి పొద్దు వాలుతుంది. చీకటిపడే వరకు ఇసుకలో ఆడించి, ఆ రాత్రి ఊళ్లో ఉండి, మర్నాడు ఆరింటికే మళ్లీ ఒడ్డుకు వెళ్లి ఎనిమిదిన్నరకు లేచి రావచ్చు. ఒక్క రాత్రి బసతో రెండు పూటల సముద్రం దక్కుతుంది. విశాఖలో చుట్టాలు లేని ఇల్లు మన వైపు తక్కువే గనుక చాలామందికి ఆ బస ఖర్చు కూడా ఉండదు. లేనివారు ద్వారకా బస్ స్టేషను దగ్గర చిన్న లాడ్జి చూసుకోవచ్చు. సముద్రం కనిపించే గదికి డబ్బు పోయనక్కరలేదు, ఏడాదిన్నర పిల్లకు కిటికీతో పనిలేదు.

ఏ ఒడ్డుకు వెళ్లాలన్నది అసలు ప్రశ్న. అన్నిటికంటే దగ్గర, చౌక రేవుపోలవరం. కోటవురట్ల మీదుగా అడ్డరోడ్డులో దిగి ఆటో పట్టుకోవాలి. ఆ ఆటోనే రానుపోను మాట్లాడుకోకపోతే చీకటిపడ్డాక పిల్లతో ఇబ్బందే. ఒడ్డు అందంగా ఉంటుంది, బస ఖర్చు లేకుండా సాయంత్రానికే తిరిగి రావచ్చు. అయితే అక్కడ స్నానాలకు దిగినవారు ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు ఒకటి రెండు కావు. పూడిమడకలో 2022 జూలైలో ఇంజనీరింగు విద్యార్థులు ఆరుగురు కొట్టుకుపోయి మరణించారు. ఈతకు తగిన ఈడువారికే దక్కని చోటు అది. ఇటువంటి తీరాలకు వెళితే పొడి ఇసుకలో ఆడించి రావాలే తప్ప నీటి అంచుకు పోరాదు.

పిల్ల కాళ్లు తడపాలన్న ముచ్చట ఉంటే కొంచెం దూరమైనా రుషికొండే నయం. 2020లో దీనికి బ్లూఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. స్నానానికి హద్దులు, కాపలా ఉండే గజ ఈతగాళ్లు, బట్టలు మార్చుకునే గదులు ఆ గుర్తింపుకు ఉండవలసిన ఏర్పాట్లు. నిర్వహణ లోపాల వల్ల 2025 మార్చిలో ఈ గుర్తింపును తాత్కాలికంగా తీసేసి, సరిదిద్దాక మళ్లీ ఇచ్చారు. ద్వారకా బస్ స్టేషను నుంచి రుషికొండ మీదుగా భీమిలి వెళ్లే సిటీ బస్సు ఎక్కితే సరి, అక్కడా ఆడవారికి టిక్కెట్టు లేదు. ఆర్.కె. బీచ్‌లో కురుసుర జలాంతర్గామి 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉంది గాని, ఆ ఇరుకు దారుల్లో చంటిపిల్లను ఎత్తుకుని నడవడం కంటే మరోసారి చూడడమే మంచిది.

నీటి సంగతి కాస్త వివరంగా తెలుసుకోవాలి. ఒడ్డుకు విరిగిపడిన కెరటాల నీరు ఏదో ఒకచోట సన్నని దారి చేసుకుని లోపలికి మళ్లుతుంది. ఆ దారిలో కెరటం విరగదు, అందుచేత అక్కడ నీరు నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తుంది. కొత్తవారు అదే మంచి చోటనుకుని దిగుతారు, లాగేసేది అదే. పెద్దవారి మోకాలి లోతు చంటిపిల్లకు గుండెల లోతు. వెనక్కి పోయే కెరటం పాదాల కింద ఇసుకను లాగేస్తే ఆ పిల్ల నిలబడలేదు. పైగా మునిగే పిల్ల కేక కూడా వేయదు. కాబట్టి ఒక పెద్దవారికి పిల్ల చేయి పట్టుకోవడం తప్ప మరో పని ఉండరాదు. వారి ఫోను సంచిలోనే ఉండాలి, ఫొటోలు రెండోవారు తీయవచ్చు.

కార్తీక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి సముద్ర స్నానాల జనం కిటకిటలాడతారు. పౌర్ణమికి, అమావాస్యకు పోటు కూడా ఎక్కువే. చంటిపిల్లతో ఆ రోజులు వద్దు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మామూలు వారపు రోజు ఏదైనా బాగుంటుంది. తుపాను హెచ్చరిక వింటే ప్రయాణం మానుకోవాలి.

సంచిలో ఇడ్లీలు, అరటిపళ్లు, కాచి చల్లార్చిన నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లం, రెండు జతల నూలు బట్టలు, టోపీ, పాత దుప్పటి ఉంటే ఒడ్డున కొనవలసింది ఏమీ ఉండదు. అక్కడ అమ్మే వేరుశనగ గుళ్లు, బఠాణీలు పెద్దలు తినవచ్చు గాని పిల్ల చేతికి ఇవ్వరాదు, గొంతుకు అడ్డం పడతాయి. ఫోను నెంబరు రాసిన కాగితం పిల్ల జేబులో పెట్టడం మరచిపోరాదు. మంచినీళ్ల సీసా మరొకటి విడిగా ఉంచుకోవాలి. అది తాగడానికి కాదు. బస్సెక్కే ముందు పిల్ల ఒంటి ఉప్పు, ఇసుక కడిగి పొడి బట్టలు తొడగడానికి. అలా కడగకపోతే ఒరుసుకున్న చోటల్లా మంట పుట్టి, నర్సీపట్నం వచ్చేదాకా పిల్ల ఏడుస్తూనే ఉంటుంది.